మూడో రోజు ఫలితం

ఇది ఒక మహా ఇతిహాసం. ఇందులో రెండేళ్లపాటు సాగిన యుద్ధముంది. కంటికి కనపడని శత్రువుంది. ముగ్గురు మహావీరులు ఒకరి తర్వాత ఒకరు రంగంలోకి దిగుతారు, ఒకరోజైతే ముగ్గురూ కలిసే దిగుతారు. ఒక పవిత్ర గ్రంథం ఉంది. ఆఖర్న ఎర్రెర్రని రణభూమి కూడా ఉంది.

సరే, ఒప్పుకుంటున్నాను. యుద్ధం అంటే మా అమ్మ ఒంటినొప్పులు. మహావీరులు మూడు రకాల మాత్రలు. పవిత్ర గ్రంథం మా నాన్న మిరపతోటకి కొట్టిన మందులు రాసుకునే నోటుబుక్కు. రణభూమి మా మూడెకరాల మిర్చి. ఇతిహాసం కోసం వచ్చినవాళ్లు ఇక్కడితో లేచి వెళ్లిపోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

మాది గుంటూరుకీ ఒంగోలుకీ మధ్య నల్లరేగడి ఊరు. జిల్లాలు విడగొట్టాక మేం ఏ జిల్లా వాళ్లమో మాలో సగంమందికి ఆధార్ కార్డు చూసుకుంటే గానీ తెలియదు. చేనుకి ఏ పురుగు పట్టిందో మాత్రం బండి దిగకుండా చెప్పేస్తాం. మిరపాకు పైకి దోనెలా ముడుచుకుంటే తామర పురుగు. కిందికి ముడుచుకుంటే నల్లి. మొక్క మొత్తం గిడసబారి బొబ్బర తెగులు కొడితే ఇక చెప్పేదేమీ లేదు, పీకి పారెయ్యడమే. పేషెంటు మొక్క అయినంతవరకూ మా ఊళ్లో అందరూ డాక్టర్లే.

మిరపకోతలో ఆడవాళ్లు వరసగా నిలబడి, తలా ఒక సాలు పట్టుకుని కోసుకుంటూ పోతారు. ఆ వరసని మునుం అంటారు. మునుం మొదట్లో ఉన్న మనిషి ఎంత వేగంగా పోతే మిగతావాళ్లు అంత వేగంగా రావాలి. మా చేలో ఆ మొదటి చోటు పాతికేళ్లుగా అమ్మదే. చేను మాదైనా కూలికొచ్చినవాళ్లతో పాటే కోసేది, వాళ్లకంటే ముందుండేది. మా ఇంటికి కోతకి రావాలంటే ముందురోజే నడుముకి అమృతాంజనం రాసుకోవాలని కూలీల్లో ఒక మాట ఉండేది. అమ్మ దాన్ని సన్మానంలా భావించేది.

రెండేళ్ల క్రితం ఒక విషజ్వరం వచ్చింది. వారానికి జ్వరం వెళ్లిపోయింది గానీ, వచ్చేటప్పుడు తెచ్చుకున్న నొప్పుల్ని మా ఇంట్లో మరిచిపోయింది. సోమవారం భుజం, మంగళవారం తొడలు, బుధవారం మెడ. వారం మధ్యలో సెలవు లేదు. చీర కుచ్చిళ్లు తగిలినా మంటగా ఉందనేది. ఎనిమిది గంటలు పడుకుని లేచి, రాత్రంతా బస్తాలు మోసినట్టుందనేది. ఆ ఏడు కోతలో మొదటి సాలు పట్టుకుని, పది మొక్కలు దాటకుండానే గట్టు మీద కూర్చుండిపోయింది. మర్నాడు చేలోకి రాలేదు. ఆ చోట్లో మా పక్కింటి వదిన నిలబడింది. అమ్మ దాని గురించి ఏమీ మాట్లాడలేదు. మా అమ్మ ఒక విషయం గురించి ఏమీ మాట్లాడలేదంటే, అది చిన్న విషయం కాదు.

ఊళ్లో ఆరెంపీ డాక్టరు ఇంజెక్షన్లు చేశాడు. రెండు రోజులు బాగుండేది, మూడో రోజు మళ్లీ మొదటికి. తర్వాత పరీక్షలు. ఎక్స్‌రే, థైరాయిడు, కీళ్లవాతం, విటమిన్లు. ఏ రిపోర్టు చూసినా నార్మల్. నాన్న ఆ కాగితాల్ని పిల్లాడి ప్రోగ్రెస్ కార్డులా పట్టుకుని ఆనందంగా ఇంటికొచ్చేవాడు.

"ఏమీ లేదంట! అన్నీ బ్రహ్మాండంగా ఉన్నయ్యంట!"

"అయితే నేను అబద్ధమాడుతున్నానంటావా?" అనేది అమ్మ.

"నేనట్టా అన్నానా? రిపోర్టు అంటంది."

"అయితే రేపు కోతకి ఆ రిపోర్టునే తీసకపో."

నేను గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తాను. ఊళ్లో పండిన మిర్చి అంతా అక్కడికొచ్చి చల్లగా పడుకుంటుంది. నాకు తెలిసి మా ప్రాంతంలో సుఖంగా నిద్రపోయేది అదొక్కటే. అక్కడ పనిచేసే ఒకాయన చెప్పగా, నవంబరు ఆఖర్లో అమ్మానాన్నలని గుంటూరులోనే ఒక కీళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ రిపోర్టుల కట్ట విప్పను కూడా లేదు.

"నిద్ర ఎలా ఉంటుందమ్మా?" అని అడిగింది.

"పడుకుంటానండి."

"పడుకోవడం కాదు. నిద్ర."

"అది పోయి రెండేళ్లయిందండి" అంది, చనిపోయిన చుట్టం గురించి చెప్పినట్టు.

డాక్టరమ్మ భుజాల మీద, మోచేతుల దగ్గర, మోకాళ్ల పక్కన బొటనవేలితో నొక్కి చూసింది. నొక్కిన చోటల్లా అమ్మ కుర్చీలోంచి లేచింది. ఆ తర్వాత ఆవిడ ఫైబ్రోమయాల్జియా అంది. నాన్న ఆ పేరుని నోట్లో రెండుసార్లు తిప్పి చూసుకుని, పలకడం తన వల్ల కాదని తేల్చుకుని, అసలు ప్రశ్నకి వచ్చాడు.

"అది ఏ భాగానికి పట్టింది మేడం? చెబితే దాన్నిబట్టి పోదాం."

"ఏ భాగానికీ పట్టలేదు. కండలు బాగున్నాయి, కీళ్లు బాగున్నాయి. నొప్పిని మెదడుకి చేరవేసే నరాలు ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చెబుతున్నాయి. నొప్పి మాత్రం నిజం. ఈవిడ ఊహించుకుంటున్నది కాదు."

మా చేల చివర అడవిపందుల కోసం ఒక మైకు కడతారు. మనిషి అరిచినట్టు రికార్డు చేసి పెడతారు. పందులు వచ్చినా రాకపోయినా అది అరుస్తూనే ఉంటుంది. నాకు ఆ మైకు గుర్తొచ్చింది. అమ్మకి ఇంకేదో అర్థమైనట్టుంది. "నిజం" అన్న మాట దగ్గర ఒక్కసారి నాన్న వైపు తిరిగి చూసింది. ఆ చూపు ధర ఏ స్కానింగు సెంటరుకీ అందదు.

ఇక్కడే నేనొక తప్పు చేశాను. నాకు కుతూహలం ఎక్కువ. డాక్టరమ్మ ఒక మాత్ర రాసి, రాత్రిపూట ఒకటి వేసుకోవాలి, ఆరు వారాలకి గానీ తేడా తెలియదు అని చెప్పి ఊరుకుంటే, నేను ఊరుకోకుండా అడిగాను. "ఈ జబ్బుకి ఇంకేమేం మందులున్నాయి మేడం?"

ఆవిడకి పాఠం చెప్పే ఓపిక ఉంది. కాగితం వెనక్కి తిప్పి, మూడు పేర్లు ఒకదాని కింద ఒకటి రాసింది. అమిట్రిప్టిలిన్, డ్యులాక్సెటిన్, ప్రీగాబాలిన్. మొదటిది పాతకాలం మందు, నిద్ర పట్టిస్తుంది, నోరు ఎండబెడుతుంది. రెండోది పగటిపూట, అన్నం తిన్నాక, మొదట్లో కాస్త వికారం చేస్తుంది. మూడోది నరాల నొప్పులకీ ఫిట్సుకీ ఇచ్చేది, కొందరికి తల తిరుగుతుంది, ఒళ్లు వస్తుంది. మొదటిది పడకపోతే రెండోది, అదీ పడకపోతే మూడోది అంటూ పేర్ల మధ్య బాణం గుర్తులు కూడా వేసింది. మామూలు నొప్పి బిళ్లలూ, స్టెరాయిడ్ ఇంజెక్షన్లూ దీనికి పెద్దగా పనిచెయ్యవు, మానెయ్యండి అంది. మరి ఘాటు నొప్పి మందులు ఉంటాయిగా అన్నాను. అలవాటు పడితే అదొక కొత్త జబ్బు, ఆ దారి వద్దు అంది.

నేను ఎంతో తృప్తిగా ఆ కాగితం మడిచి నాన్న చేతికిచ్చాను. పందికి చేను చూపించి, నేను వెనక్కి తిరిగి కోల్డ్ స్టోరేజీకి వెళ్లిపోయాను.

ఇప్పుడు ఆ నోటుబుక్కు గురించి చెప్పాలి. మా వైపు మిరప రైతు మందు కొట్టే పద్ధతి ఇది. పురుగు కనపడగానే షాపుకి పోవాలి, ఆకు చూపించాలి, వాడిచ్చింది కొట్టాలి. మూడో రోజు పొద్దున్నే వెళ్లి ఆకు వెనక్కి తిప్పి చూడాలి. పురుగు తగ్గితే సరే. తగ్గకపోతే మందు మార్చాలి. మళ్లీ మూడు రోజులు. అప్పటికీ తగ్గకపోతే రెండు మూడు రకాలు ఒకే డ్రమ్ములో కలిపి కొట్టాలి. నాన్న నోటుబుక్కులో ప్రతి పేజీకీ నాలుగు గడులు. తేదీ, మందు, ఎంత, మూడో రోజు ఫలితం. ఇరవయ్యేళ్లుగా ఆయన ఈ లోకాన్ని ఈ నాలుగు గడుల్లోంచే చూస్తున్నాడు.

పది రోజుల తర్వాత ఆదివారం ఇంటికెళ్లాను. డిసెంబరు మొదటివారం, చేలో కాయ అప్పుడే రంగు తిరుగుతోంది. పదకొండయినా అమ్మ మంచం మీదే ఉంది. రెండేళ్లుగా నిద్ర లేని మనిషి పడుకుని ఉంది కదా అని సంతోషించాను. లేపితే కళ్లు తెరిచి నన్ను ఎవరో దూరపు చుట్టాన్ని చూసినట్టు చూసింది. మాట ముద్దగా వచ్చింది. నిలబడబోయి గోడ పట్టుకుంది. గుండె దడదడగా ఉంది, నీళ్లు కావాలంది.

"ఏం వేశావు నాన్నా?" అన్నాను.

"డాక్టరమ్మ రాసిందే" అన్నాడు నాన్న, పూర్తి నిజాయితీతో. నోటుబుక్కు తెచ్చి చూపించాడు. పత్తి పేజీలూ మిరప పేజీలూ అయిపోయాక ఒక కొత్త పేజీ. పైన పంట పేరు రాసే చోట "అమ్మ" అని ఉంది. ఆమె ఆయనకి అమ్మ కాదు కదా అని అడిగే సమయం అది కాదు.

మొదటి వరస: అమిట్రిప్టిలిన్, రాత్రి ఒకటి. మూడో రోజు ఫలితం: నోరు ఎండుతుంది, పొద్దున లేవట్లా, నొప్పి అట్టనే ఉంది. మార్చాలి.

రెండో వరస: డ్యులాక్సెటిన్, పొద్దున ఒకటి. మూడో రోజు ఫలితం: వికారం, అన్నం సగం తిన్నది, నొప్పి అట్టనే ఉంది. మార్చాలి.

మూడో వరస: ప్రీగాబాలిన్, రాత్రి ఒకటి. మూడో రోజు ఫలితం: తల తిరుగుతుంది. నొప్పి తగ్గిందంటది, గట్టిగా అడిగితే లేదంటది.

నాలుగో వరస: మూడూ కలిపి.

ఫలితం గడి ఖాళీగా ఉంది. ఫలితం గోడ పట్టుకుని నిలబడి ఉంది.

"మెడికల్ షాపువాడు ఎట్టా ఇచ్చాడు నాన్నా?"

"కాగితం వెనకాల ఆవిడ చేతిరాతే గదరా. బాణాలు కూడా వేసింది. నువ్వే గదా రాయించింది."

కుతూహలం ఎంత చెడ్డదో ఆ పూట నాకు తెలిసింది. డాక్టరమ్మ ఆస్పత్రికి ఫోన్ చేస్తే, మూడూ ఆపి వెంటనే తీసుకురమ్మన్నారు. కారు మాట్లాడుకుని వెళ్లాం. దారి పొడుగునా నాన్న నోటుబుక్కుని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మాట్లాడింది డ్రైవరొక్కడే. మా ఊరి నుంచి గుంటూరు దాకా, తన బావమరిదికి కిడ్నీలో రాళ్లు ఎలా పడ్డాయో ఒక్కో రాయీ వివరంగా చెప్పాడు.

ఆస్పత్రిలో బీపీ చూశారు, గుండె పరీక్ష తీశారు, సాయంత్రం దాకా పడుకోబెట్టి గమనించారు. భయం లేదన్నారు. నాలుగింటికి అమ్మ స్పష్టంగా మాట్లాడటం మొదలుపెట్టింది. మొదటి మాట, "గేదెకి నీళ్లు పెట్టేవాళ్లున్నారా?"

అప్పుడు డాక్టరమ్మ నోటుబుక్కు అడిగి తీసుకుంది. ఆ పేజీ చదివింది. తర్వాత వెనక్కి తిప్పి మిరప పేజీలు చదివింది, పత్తి పేజీలు కూడా చదివింది. మేము అక్షింతల కోసం తలొంచుకుని సిద్ధంగా నిలబడ్డాం.

"ఇది ఎవరు రాశారు?"

"నేనేనండి" అన్నాడు నాన్న. గొంతులో భయమున్నా, తేదీలు పక్కాగా ఉన్నాయన్న గర్వం కూడా కొంచెం ఉంది.

"నా పేషెంట్ల ఇళ్లలో ఇంత శ్రద్ధగా రాసినవాళ్లు లేరు. ఇంత శ్రద్ధగా పాడుచేసినవాళ్లూ లేరు. మిరప నారు నాటిన మూడో రోజున కాయ రాలేదని పీకేస్తారా?"

"నారుకి టైం పడుద్ది గదండి."

"దీనికీ పడుద్ది." ఆవిడ మా యాసలోకి దిగిందంటే విషయం తీవ్రంగా ఉన్నట్టే. "మీరు పురుగుని చంపే లెక్కలో ఉన్నారు. ఇక్కడ పురుగు లేదు. ఒక్కో మందూ తక్కువ మోతాదులో మొదలుపెట్టి, మెల్లగా పెంచి, కనీసం ఆరు వారాలు చూడాలి. మొదటివారంలో కనిపించేవన్నీ ఇబ్బందులే. మంచి తర్వాత కనపడుతుంది. మీరు మూడుసార్లూ ఇబ్బందులు రాగానే లేచి వెళ్లిపోయారు. ఆ మూడూ కలిపి వేస్తే గుండెకీ ప్రమాదం, స్పృహకీ ప్రమాదం. ఈ పూట అదృష్టం బాగుంది."

నాన్న తలూపాడు. కానీ ఆయన రైతు. గడువు తెలియకుండా ఏ పనీ ఒప్పుకోడు.

"ఆరు వారాలంటే జనవరి నడిమికి వస్తదండి. జనవరి ఆఖరుకి మాకు మొదటి కోత."

"కోతకీ దీనికీ ఏంటి సంబంధం?"

నాన్న నోటుబుక్కు అంచు గోకాడు. "ఈమెకి మునుంలో నిలబడాలని ఉందండి. రెండేళ్లుగా నిలబడలేకపోయింది. అందుకే తొందరపడ్డా."

ఆ మాట అమ్మ ఎవరితోనూ అనలేదు. నాతో అనలేదు, నాన్నతో కూడా అనలేదట. మూడో రోజు ఫలితాలు రాసే మనిషికి మాట్లాడని విషయాలు కూడా కనపడతాయని నేను అనుకోలేదు. అమ్మ దుప్పటి కొస సరిచేసుకుంది. నేను గోడ మీద వేలాడుతున్న వెన్నెముక బొమ్మని అక్షరం వదలకుండా చదివాను. అందులో ముప్ఫై మూడు పూసలుంటాయట.

డాక్టరమ్మ రెండోదాన్నే మళ్లీ ఎంచుకుంది. మూడు రోజులకే ఆపేశారు గనక అది అసలు మొదలే కాలేదంది. నాలుగు రోజులు ఒళ్లు తేటపడనిచ్చి, తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, రెండు వారాల తర్వాత పెంచుతానంది. ఉదయం టిఫిన్ తిన్నాకే వేసుకోవాలి. రోజూ కాసేపు నడవాలి, నొప్పి ఉన్నా నడవాలి, మెల్లగా పెంచుకుంటూ పోవాలి. "ఇంకొక మాట. మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు, మీ అంతట మీరు ఆపొద్దు. ఈ మందు ఒక్కసారిగా ఆపితే తలతిరుగుడు, చిరాకు, నానా అవస్థా. ఒక్కరోజుకి కూడా మాత్ర లేకుండా చేసుకోకండి."

ఈసారి కాగితం వెనకవైపు ఖాళీగా ఉంది. నేను అడగలేదు.

మందు మొదలైన రెండో రోజే పొన్నూరు నుంచి పిన్ని ఫోన్ చేసింది. మాత్ర పేరు కనుక్కుని, వాళ్ల ఊరి మెడికల్ షాపులో విచారించి, ఆ సమాచారంతో మళ్లీ చేసింది.

"అక్కా, అది దిగులు జబ్బోళ్లకి ఇచ్చే మందంట!"

అమ్మ ఫోన్ పెట్టేసి నాకు చేసింది. నేను మిర్చి బస్తాల మధ్య తుమ్ముతూ ఉన్నాను.

"ఒరేయ్, నాకు పిచ్చని మీరంతా కలిసి తేల్చారా?"

"లేదమ్మా. దిగులుకీ ఇస్తారు, నొప్పులకీ ఇస్తారు."

"ఒకే మాత్ర రెంటికీ ఎట్టా పనిచేస్తదిరా? దాని మొహం ఎటుందో దానికి తెలుసా?"

మంచి ప్రశ్నే. నాకూ అదే అనుమానం. మాత్రల పెట్టెలో ఒక కాగితం ఉంటుంది, విప్పితే పంచె అంత అవుతుంది. అందులో ఆకలి తగ్గవచ్చు అని ఒక చోట, బరువు పెరగవచ్చు అని ఇంకొక చోట ఉంటుంది. ఏది జరిగినా మందు తప్పు కాదన్నమాట. దాన్ని చదివి, అర్థం కానివి డాక్టరమ్మని అడిగి, నేను తెలుసుకున్నది ఇదీ. ఈ మూడింటిలో ఒక్కటి కూడా ఈ జబ్బు కోసం పుట్టలేదు. రెండు దిగులుకి, ఒకటి ఫిట్సుకి. వాడుతుంటే, నొప్పులు కూడా తగ్గుతున్నాయని గమనించారు. పత్తికని కొన్న మందు మిగిలితే మిరపకి కొట్టి, బాగుందిరా అని పక్క చేనువాడికి చెప్పడం మా ఊళ్లో మామూలే. అయితే డాక్టర్లు పక్క చేనువాడికి చెప్పేముందు చాలామంది మీద జాగ్రత్తగా పరీక్షించి చూస్తారు. మా వాళ్లు ఆ ఒక్క మెట్టూ ఎక్కరు.

అదెలా పనిచేస్తుందో నాన్నకి చెప్పడం తేలికైంది. మెదడు నుంచి వెన్నులోకి కిందికి వచ్చే నరాలు నొప్పిని అణిచిపెడతాయట. వాటిలో పారే రెండు రసాయనాలు దారిలోనే ఇంకిపోతే చివరిదాకా అందవు. ఈ మందు వాటిని ఇంకిపోకుండా ఆపుతుంది. పారుదల సరిపడా నిలబడటానికి వారాలు పడుతుంది.

"అంటే మన కాలవ చివరి చేలకి నీళ్లందనట్టు" అన్నాడు నాన్న.

"అదే."

"మరి ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా! చివరి చేనోడికి మూడు రోజుల్లో నీళ్లు రావని నాకు తెలవదా?"

ఆ రోజు నోటుబుక్కులో అమ్మ పేజీ మీద "మూడో రోజు ఫలితం" అన్న మాటలు కొట్టేసి, పైన "ఆరో వారం" అని రాశాడు. రాయడమైతే రాశాడు గానీ ఇరవయ్యేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? ప్రతి మూడో రోజు పొద్దున్నే లేచి, ఆకు వెనక్కి తిప్పి చూసినట్టు అమ్మ మొహంలోకి చూసేవాడు.

"ఏందయ్యా ఆ చూపు? నాకేమన్నా నల్లి పట్టిందా?"

"ఏం లేదులే. ఊరికే."

"ఊరికే చూడ్డానికి ఇన్నేళ్లూ తీరలేదు, ఇప్పుడు తీరిందా?"

మొదటి పది రోజులూ వికారం ఉంది. ఇడ్లీ తిన్నాక వేసుకుంటే తక్కువగా, ఖాళీ కడుపుతో వేసుకుంటే ఎక్కువగా ఉందని అమ్మే కనిపెట్టింది. తర్వాత అది పోయింది. సాయంత్రాలు చెరువు కట్ట దాకా నడిచేది, మొదట పావు దూరం, తర్వాత సగం. మూడో వారం దాటినా నొప్పిలో తేడా లేదు. ఇదీ అంతేలేరా అంది ఫోన్‌లో. నేను ఆరు వారాల పాట పాడాను. నా పాట మీద నాకే నమ్మకం లేదు. ఆ రోజుల్లో నాకు తెలియకుండానే క్యాలెండరులో జనవరి ఆఖరుని చూస్తుండేవాణ్ని. ఆ కాగితం వెనకవైపు రాయించినవాణ్ని నేనే గదా.

ఇరవై ఏడో రోజు నాన్న నుంచి ఫోన్ వచ్చింది.

"ఒరేయ్, మీ అమ్మ నన్ను తిట్టిందిరా."

"ఎందుకు?"

"స్ప్రేయరు కడగకుండా వంటింటి గుమ్మంలో పెట్టానని. పావుగంట తిట్టింది. మా అమ్మని కూడా కలిపి తిట్టింది!"

బయటివాళ్లకి ఇది అర్థం కాదు. రెండేళ్లుగా అమ్మకి తిట్టే ఓపిక లేదు. స్ప్రేయరు ఎక్కడ పెట్టినా, చెప్పులు ఎక్కడ విడిచినా, చూసి మొహం తిప్పుకుని వెళ్లిపోయేది. నాన్న అవతల ఏదో రాస్తున్న చప్పుడు వినపడింది. తర్వాత చూస్తే, నోటుబుక్కులో "27వ రోజు: తిట్టింది. బాగా" అని ఉంది. నిద్ర కూడా అప్పటికి నాలుగు రోజులుగా పడుతోందట, ఆ సంగతి అమ్మ ఎవరికీ చెప్పలేదు. దిష్టి తగులుద్దని.

జనవరి ముప్ఫైన మొదటి కోత. నేను సెలవు పెట్టి వెళ్లాను. చీర మీద నాన్న పాత పొడుగుచేతుల చొక్కా తొడుక్కుని, తలకి తువ్వాలు చుట్టుకుని అమ్మ చేలోకి వచ్చింది. మునుంలో మొదటి సాలు ఖాళీగా ఉంది. రెండో సాలు దగ్గర నిలబడి ఉన్న పక్కింటి వదిన కేకేసింది.

"అత్తా, రా! నీ సాలు అట్టనే పెట్టా!"

అమ్మ తిన్నగా వెళ్లి ఆఖరి సాలు దగ్గర నిలబడింది. "నువ్వే పోవే ముందు. నేను మీ ఎనకమాల మెల్లగా వస్తా."

"అదే మంచిదిలే. నువ్వు ముందుంటే సాయంత్రానికి మేమందరం ఆ డాక్టరమ్మ దగ్గరికే రావాల!"

అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వి, మొదటి మొక్క మీద చెయ్యి వేసింది.

ఇక్కడ ఇతిహాసమైతే అమ్మ అందరినీ దాటుకుని ముందుకి పోవాలి. పోలేదు. మధ్యాహ్నానికి వాళ్లు మూడేసి సాళ్లు తీస్తే అమ్మ ఒకటి తీసింది. రెండుసార్లు కూర్చుంది. ఒకసారి నడుము మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు నిలబడింది. నాన్న గట్టు మీద నుంచి లేవబోతే, నేను చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాను. కానీ ఆ ఒక్క సాలూ, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా, ఒక్క పండుకాయ వదలకుండా తనే కోసింది. ఆఖరి మొక్క దగ్గర నిటారుగా నిలబడి, వెనక్కి తిరిగి, వచ్చిన దారంతా చూసుకుంది. తర్వాత కాయల గోతం గట్టు మీదికి లాక్కుంటూ మా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"నొప్పి పోయిందా?" అన్నాడు నాన్న. జేబులోంచి నోటుబుక్కు బయటికి వచ్చేసింది, పెన్ను మూత తీసేసి ఉంది.

"యాడ పోయింది? ఉంది. ఇదివరకు అదే నన్ను వెతుక్కుంటా వచ్చేది. ఇప్పుడు యాడుందో నేనే వెతుక్కోవాల్సొస్తంది."

నాన్న రాయబోయి ఆగాడు. అంత పెద్ద సంగతి ఆ గడిలో పట్టదు. ముగ్గురం చేను వైపు చూస్తూ కూర్చున్నాం. ఎండలో మిర్చి ఎర్రగా మెరుస్తోంది. అమ్మ కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి, నాన్న కళ్లల్లోనూ తిరుగుతున్నాయి. మిర్చి ఘాటు అనుకోవచ్చు, నేనైతే అలాగే అనుకున్నాను. అమ్మ నా వైపు తిరిగి, ఏదో ముఖ్యమైన మాట చెప్పబోతున్నట్టు నా చెయ్యి పట్టుకుంది. జన్మంతా గుర్తుండే మాట కోసం నేను సిద్ధమయ్యాను.

"ఒరేయ్, పొద్దుట్నుంచి చెబుదామనుకుంటన్నా. రేపటికి మాత్ర లేదు."

"అదేంటి? ఒకటో తారీఖున నెలకి సరిపడా తెచ్చిచ్చాగా?"

"మూడు షీట్లు తెచ్చావు."

మాత్రల షీటుకి పది ఉంటాయి. జనవరికి ముప్ఫై ఒక్క రోజులు.